నలభై ఏడో నంబరు పెట్టె

ఫిబ్రవరి 3

వదినా,

హాస్టల్ గదికొచ్చి తలుపు వేసుకున్నాక గానీ ఏడుపు రాలేదు. బస్సులో పక్క సీటావిడ దారి పొడుగునా కబుర్లు చెబుతూనే ఉంది, ఏడవడానికి కూడా తీరిక ఇవ్వలేదు మహాతల్లి. ఎనిమిది నెలల పిల్లని నీ ఒళ్లో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. చూసి ఉంటే ఈ ఉద్యోగం వద్దనేదాన్ని. ఇక్కడ పిల్లల్ని ఉంచనివ్వరు, ఆయన ఓడ దిగేది ఏడాదికోసారి, అమ్మ లేదు. నువ్వు లేకపోతే నా పరిస్థితి ఏమిటో తలుచుకోవడానికే భయమేస్తోంది.

ఇక పని మాట. దీనితో వచ్చిన తెల్ల పెట్టె మీద 47 అని ఉంటుంది. అది మన పిడుగు నంబరు. నెలకోసారి దాని దొడ్డికి చిన్న చెంచాడు తీసి, లోపలున్న డబ్బాలో వేసి, ఐసు సంచుల మధ్య పెట్టి బస్సు పార్సిల్లో పంపాలి. ముక్కు మూసుకోకు. మా లాబ్‌లో నేను రోజుకి ముప్పై డబ్బాలు తెరుస్తాను, ఇప్పుడు వాసన తెలియడం కూడా మానేసింది. పెట్టెతో ఫారం ఒకటి ఉంటుంది, ఆ నెల పిల్లకి వేసిన మందులన్నీ అందులో రాయాలి.

ఎందుకిదంతా అంటావు. మా డాక్టరమ్మ ఐదువందల మంది పిల్లల్ని పసితనం నుంచి చూస్తోంది. మన పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురం ఉంటాయట. అవి మనం తిన్నదాంట్లో పీచు తిని ఏవో పదార్థాలు తయారుచేస్తాయి. ఆ పదార్థాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా వెళ్లి, దేనికి రేగాలో దేనికి రేగకూడదో మన ఒంటికి నేర్పుతాయని ఆవిడ నమ్మకం. చిన్నప్పుడు ఆ మంచి జీవులు తక్కువున్న పిల్లలకి పెద్దయ్యాక ఆయాసం ఎక్కువ వస్తోందా అన్నది ఆవిడ ప్రశ్న. నాకూ అదే ప్రశ్న. చిన్నప్పుడు నేను కిటికీ ఊచలు పట్టుకుని గాలి కోసం నోరు తెరుచుకున్న రోజులు అన్నయ్యకి గుర్తే. మా అత్తగారు పోయేదాకా ఆయాసానికి పీల్చే పంపు చేత్తో పట్టుకునే బతికింది. రెండు వైపులా ఉన్న ఈ దరిద్రం పిడుగుకి రాకూడదు వదినా. నేను దాన్ని వదిలి వచ్చింది జీతం కోసమే అనుకోకు.

నీకు ఫోన్‌లో సగం వినపడదు, ఆ సగం నువ్వు కల్పించుకుంటావు. కాబట్టి ఉత్తరాలే. ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె మూత కింద దూర్చు, నేను తెరిచేటప్పుడు ముందు అదే తీసుకుంటాను.

పిడుగు బుగ్గలు కొరక్కు, కందిపోతాయి.

నీ ఆడపడుచు

—

ఫిబ్రవరి 14

ఆడపడుచు గారి సముఖానికి,

వదిన వినయంగా విన్నవించుకునేది ఏమనగా, తమరి కూతురు నిన్న నా కళ్లజోడు విరగ్గొట్టింది. కాబట్టి ఈ అక్షరాలు వంకరగా ఉంటే ఆ నేరం నాది కాదు.

పిల్ల కులాసా. పొద్దున నేను మందుల షాపుకి వెళ్లినప్పుడు పక్కింటి టైలరు గారి కోడలు చూసుకుంటోంది. ఆవిడకీ ఈడుకీడు పిల్ల ఉంది, మట్టి, దారం, సుద్దముక్క, ఏది దొరికితే అది నోట్లో వేసుకుంటుంది. దానికి ఇంతవరకూ మందు సీసా ముఖం తెలియదట. రెండూ కలిస్తే టైలరు గారు కుట్టుమిషన్ ఆపేసి కాపలా కూర్చుంటున్నారు. మీ అన్నయ్య ఏదో పెద్ద బిల్డింగులో లిఫ్టు బిగించే పని మీద వెళ్లి ఇంకా రాలేదు. వస్తే మటుకు ఏం చేస్తారు, పిల్లని ఎత్తుకోమంటే నీళ్ల బిందెలా పట్టుకుంటారు.

డబ్బా నింపాను. షాపులో పదిహేనేళ్లుగా ఎన్నో డబ్బాలు అమ్మాను గానీ ఇలాంటి సరుకు కట్టడం ఇదే మొదలు.

ఒక మాట. పోయిన వారం పిల్లకి జలుబు చేసి దగ్గు దిగింది. నాకు చెవులు సరిగా లేవుగా, వీపు మీద చెయ్యి పెట్టి చూశాను. లోపల గురగుర. యాంటీబయాటిక్ సిరప్ ఐదు రోజులు వేశాను, తగ్గిపోయింది. ఫారంలో రాశాను. మా బాబుకి ఏడాది రెండు నెలలప్పుడు ఇలాగే మొదలైంది. మామూలు జలుబే, చూద్దాం ఆగండి అన్నాడు ఆ డాక్టరు. మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు ఆగడానికి వాడు లేడు. పన్నెండేళ్లయింది, మళ్లీ ఏ పిల్ల విషయంలోనూ ఆగే ఓపిక నాకు లేదు.

నువ్వు వేళకి తిను. గదిలో కూర్చుని ఏడవకు.

నీ వదిన

—

ఫిబ్రవరి 27

వదినా,

ఫారం చూసి నాకు తల కొట్టేసినట్టయింది. జలుబుకి యాంటీబయాటిక్ వేస్తారా ఎవరైనా? అదీ డాక్టరుకి చూపించకుండా? కౌంటర్లో నిలబడ్డంత మాత్రాన డాక్టరువి అయిపోవు. ఆ మందు చెడ్డవాటినే చంపి ఊరుకోదు, కడుపులో ఉన్న మంచి జీవుల్ని కూడా ఊడ్చేస్తుంది. ముందు చేరిన పిల్లల్లో మాటిమాటికీ ఆ సిరప్‌లు పడ్డవాళ్లలోనే ఆయాసం ఎక్కువ కనపడుతోందని ఇక్కడ అనుకుంటున్నారు. నేను ఏ గొయ్యి చూసి పారిపోయి వచ్చానో నువ్వు నా పిల్లని దాని అంచుకే తీసుకెళ్తున్నావు.

ఇంకో రెండు మూడు సార్లు ఇలా అయితే నలభై ఏడో నంబరు తీసేస్తారు. నా ఉద్యోగం మీదకి కూడా రావచ్చు. ఫారంలో రాయకుండా దాచినా లాభం లేదు, డబ్బాలో ఉన్నది మా మిషన్ పట్టేస్తుంది. సీసా ఇంట్లో ఉంటే పారబొయ్యి.

బాబు సంగతి నాకూ బాధే. కానీ పిడుగు బాబు కాదు.

నీ ఆడపడుచు

—

ఆగస్టు 20

అమ్మాయ్,

ఆర్నెల్లుగా పెట్టెలో చీటీ ముక్కలే పంపుతున్నానని అలిగావట, మీ అన్నయ్య చెప్పారు. అలిగింది నువ్వా నేనా అని అడగమన్నాను ఆయన్ని. మా బాబు గురించి నువ్వు అన్న చివరి మాట తలుచుకుంటే పెన్ను సాగేది కాదు. పోనీలే.

ఇవాళ రాయకపోతే నాకు నిద్ర పట్టదు. నీ కూతురు నడిచింది! షాపు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే టైలరు గారి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి గుమ్మం వదిలేసింది. నాలుగు అడుగులు. ఐదోది వేయబోయి కూర్చుంది, కూర్చుని చుట్టూ అందర్నీ చూసి తనే చప్పట్లు కొట్టుకుంది. నేను నవ్వానో ఏడ్చానో టైలరు గారి కోడల్నే అడగాలి. నన్ను 'అత్త' అనమంటే 'త్త' అంటోంది, ఆ ముందు అక్షరం మింగేస్తుంది. నీ ఫోటో చూపిస్తే ముద్దు పెడుతుంది, అద్దమంతా ఎంగిలి.

మందుల విషయంలో నిశ్చింతగా ఉండు. ఫారంలో 'ఏమీ లేవు' అనే రాస్తున్నాను. నీ ఉద్యోగానికి నా వల్ల ఏ లోటూ రానివ్వను.

నీ వదిన

—

జూన్ 11

అమ్మాయ్,

పిడుగుకి రెండేళ్లు నిండి వారమైంది. నువ్వు పంపిన గౌను పొట్టి అయింది, దాని ఎత్తు నువ్వు మరిచిపోతున్నావని నాకు బాధేసింది. నిన్ను అనడం లేదు.

అసలు సంగతి వేరే. పోయిన చలికాలం నుంచి దానికి దగ్గు విడవడం లేదు. పరుగెడితే ఆగిపోయి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటుంది, ముసలమ్మలా. పక్కింటి పిల్ల దీన్ని లాగి లాగి విసుగొచ్చి ఒక్కతే ఆడుకుంటోంది. మొన్న పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుతుంటే పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన స్టెత్ పెట్టి చాలాసేపు విన్నాడు. ఆయాసపు లక్షణాలు ఉన్నాయి, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగాడు. చెప్పాను. రెండు పంపులు రాశాడు, మూతికి పెట్టే మాస్కుతో. గోధుమరంగుది రోజూ రెండు పూటలా వేయాలి, నీలంది ఎగశ్వాస వచ్చినప్పుడు. రోజూ వేసేది మానకూడదని రెండుసార్లు చెప్పాడు. ఇంతకు ముందు యాంటీబయాటిక్స్ ఎన్నిసార్లు వాడారని అడిగాడు. ఒక్కసారి అన్నాను.

పంపులు మా షాపులోనే తెచ్చి అల్మరాలో పెట్టాను. నీ మాట లేకుండా మొదలుపెట్టలేదు. పిల్ల నీది, ఇలాంటి చదువులూ నీవే. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

నీ వదిన

—

జూన్ 24

వదినా,

ఎవరికీ చెప్పనని మాటిస్తే ఒకటి చెబుతాను. నీ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. ఫలితాలు మేం చూడకూడదు. ఏ నంబరు ఎవరిదో, ఎవరికి ఏం వచ్చిందో స్టడీ అయ్యేదాకా బయటికి రాకూడదు, సంతకం పెట్టించుకున్నారు. నిన్న డాక్టరమ్మ మీటింగుకి వెళ్తూ కంప్యూటర్ మూయడం మరిచిపోయింది. నలభై ఏడు వెతికాను.

మన పిడుగు కడుపు నిండు తోట వదినా! ఆయాసం వచ్చే పిల్లల్లో ఏ జీవులు తక్కువుంటాయని చూస్తున్నారో అవన్నీ దీనికి పుష్కలంగా ఉన్నాయి. మొదటి నెల డబ్బా ఒక్కటే బోసిగా ఉంది, అది నువ్వు సిరప్ వేసిన నెల. ఆ తర్వాత ప్రతి డబ్బా బంగారం. ఐదువందల మందిలో పైనుంచి ఇరవై లోపు ఉంటుంది. కుర్చీలో కూర్చుని కర్చీఫు తడిసేలా ఏడ్చాను. నువ్వు మందులు మానేసి దాన్ని కాపాడావు. నిన్ను ఎన్నేసి మాటలన్నానో.

కాబట్టి ఇది ఆయాసం కాదు. ఆ డాక్టరు ఇంట్లో ఉందనగానే చెయ్యి దురద పుట్టి రాసుంటాడు. పంపు ఒకసారి మొదలుపెడితే వదలదు, మా అత్తగారిని చూశాను కదా. రెండేళ్ల పిల్లకి ఆ అలవాటు వద్దు. దుమ్ము తగలనివ్వకు, ఎదిగే కొద్దీ అదే పోతుంది.

నీ చేతులకి ముద్దులు. పిడుగుకి ఆరు, నీకు ఆరు.

నీ ఆడపడుచు

—

ఆగస్టు 30

అమ్మాయ్,

ఈ ఉత్తరం మూడు సార్లు రాసి చింపాను.  నీ పోయిన ఉత్తరం వచ్చిన రోజు నుంచీ రెండు నెలలు ఈ మాట దాచుకుని తిరిగాను.

ఆ తోట మన పిడుగుది కాదు.

నువ్వు నన్ను తిట్టిన నెలలోనే దానికి మళ్లీ దగ్గు వచ్చింది. వేయకూడదనుకుని రెండు రోజులు బిగబట్టాను. మూడో రోజు వీపు మీద చెయ్యి పెడితే నాకు మా బాబే కనపడ్డాడు. సిరప్ వేశాను. మిషన్ పట్టేస్తుందన్నావుగా, నీ ఉద్యోగం పోతుందన్నావుగా. పొద్దున టైలరు గారి ఇంట్లో ఇద్దరి గుడ్డలూ పక్కపక్కనే మారుస్తాం. ఆ పిల్ల దాంట్లోంచి చెంచాడు తీశాను. ఒక్కసారే అనుకున్నాను. మళ్లీ నెల మళ్లీ దగ్గు. ఇంకో సీసా. ఇప్పటికి తొమ్మిది సీసాలు. మొదటి డబ్బా తప్ప నీకు వచ్చినవన్నీ పక్కింటి పిల్లవే. నువ్వు చూసి ఏడ్చింది దాని కడుపుని.

నేను నీ పిల్లని కాపాడలేదు. నువ్వు నా చేతులకి ముద్దులు పంపితే ఆ కాగితం అల్మరాలో పెట్టలేక, చేత్తో పట్టుకోలేక చచ్చాను.

పిడుగుకి బాగా లేదు. పగటి కంటే రాత్రే ఎక్కువ దగ్గుతోంది. ఆ డాక్టరు చెప్పిందే నిజమేమో. పంపు మొదలుపెట్టమంటావా? ఈసారి నీకు తెలియకుండా ఏదీ చేయను, ఒట్టు. ఇన్నాళ్లూ నా ఇష్టం వచ్చినట్టు చేసే ఇక్కడికి తెచ్చాను. పెట్టెలో ఈసారి పెట్టింది నిజంగా దానిదే. నన్ను ఏమైనా అను, కానీ జవాబు మాత్రం వెంటనే రాయి. నీ మాట కోసం చూస్తుంటాను.

వదిన

—

సెప్టెంబరు 6

వదినా,

హడావిడిలో రాస్తున్నాను, పోస్టులో వేస్తున్నాను. ఈ మధ్య చాలా ఆలోచించాను. నీ మీద నాకు ఏ కోపమూ లేదు. నువ్వేం చేసినా పిడుగు మీద ప్రేమతోనే చేశావు, పాతవన్నీ మర్చిపోదాం. ఆడపడుచు పెత్తనం నేనూ కాస్త ఎక్కువే చేశాను.

పంపు విషయంలో మాత్రం నా మాట మారలేదు. నేను ఇరవై అయిదున వస్తున్నాను, అప్పుడు నేనే పెద్ద డాక్టరుకి చూపిస్తాను. ఈ మూడు వారాలు జాగ్రత్తగా నెట్టుకురా. పిల్లకి ఎర్ర చెప్పులు కొన్నాను, నడిస్తే కీచుకీచుమంటాయి. నీకు వినపడకపోతే అన్నయ్యని అడుగు.

నీ ఆడపడుచు

—

అక్టోబరు 9

వదినా,

నిన్న లాబ్‌కి వచ్చాను. ఫ్రిజ్ కింది అరలో నలభై ఏడో నంబరు పెట్టె ఉంది, నాదని ఎవరూ ముట్టుకోలేదు. మూత తీశాను. కవర్లో ఉత్తరం తడిసి ఉంది గానీ అక్షరాలు పోలేదు. ఆగస్టు 30 అని తారీకు.

సెప్టెంబరు ఒకటి నుంచి నేను ఇక్కడ లేను. వేరే ఊళ్లో కొత్త మిషన్ మీద శిక్షణకి పంపారు. మూడు వారాలేగా, దీనికి కూడా చెప్పడమెందుకని నీకు రాయలేదు. నా ఆరో తారీకు ఉత్తరం అక్కడినుంచే వేశాను. పిడుగు లేదని అన్నయ్య ఫోన్ చేస్తే అక్కడినుంచే మీ ఇంటికి వచ్చాను, మళ్లీ అక్కడికే వెళ్లి మిగిలిన శిక్షణ ముగించుకుని ఇక్కడికి చేరాను. నేను ఏమీ చదవలేదు వదినా. దేన్ని మర్చిపోదాం అన్నానో తెలుసా? మొదటి ఏడాది నాటి సిరప్ గొడవ.

పదకొండు రోజులు నీ పక్కన పడుకున్నాను. నీ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఒక్కసారి కూడా నోరు విప్పలేదేం? ఆ ఇంట్లో అందరూ నన్ను ఓదారుస్తుంటే నువ్వు మాత్రం నా జుట్టు నిమురుతూ కూర్చున్నావు. ఆ చేతులే డబ్బాలు మార్చాయి. ఆ చేతులే. నాకు ఒళ్లు మండిపోతోంది. 

ఆ రోజు ఏం జరిగిందో నాకు ఎవరూ సరిగా చెప్పలేదు. నువ్వు చెప్పు. అబద్ధం లేకుండా.

—

అక్టోబరు 17

అమ్మాయ్,

నువ్వు చదివేశావనుకున్నాను. నీ ఉత్తరంలో కోపం లేదన్నావు, పంపు వద్దన్నావు. నేను రాసిన దానికి అదే జవాబనుకున్నాను. అంతా తెలిసి కూడా వద్దందంటే ఏదో చదివే చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. నువ్వు వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుంటే, ఇంత జరిగాక కూడా నన్ను క్షమించిందే ఈ పిల్ల అని, ఆ మాట ఎత్తి పుండు రేపకూడదని నోరు కుట్టుకున్నాను. నువ్వు నాకు ఇవ్వని దాన్ని పదకొండు రోజులు అనుభవించాను.

ఆ రోజు సెప్టెంబరు పధ్నాలుగు. మధ్యాహ్నం రెండున్నర. షాపులో ఒకతను చీటీ ఇస్తే సరుకు తీస్తున్నాను. టైలరు గారి కోడలు పిల్లని భుజాన వేసుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. పొద్దుటి నుంచి దగ్గుతోందట, అన్నం తినలేదట, పడుకోబెడితే లేచి కూర్చుంటోందట. పెదాలు నీలంగా ఉన్నాయి. నన్ను చూసి 'త్త' అనలేదు. మాటకి గాలి చాల్లేదు.

నా వెనకాల అర నిండా ఆ నీలం పంపులే. రోజుకి నాలుగు అమ్ముతాను. ఎలా వాడాలో ముసలివాళ్లకి నేర్పుతాను. మాస్కు ఇంట్లో అల్మరాలో ఉంది. కాగితం గ్లాసుకి అడుగున చిల్లి పెట్టి మూతికి ఆనించి వేశాను. ఆటోలో మళ్లీ వేశాను. ఒకసారి కళ్లు తెరిచి నా కొంగు పట్టుకుంది. ఆసుపత్రిలో గొట్టం వేశారు. ఆరింటికి డాక్టరు బయటికి వచ్చాడు. రోజూ వేయమన్న పంపు వేశారా అని అడిగాడు. లేదన్నాను. ఎందుకని అడిగాడు. నాకు మరుపు అన్నాను.

నీ జూన్ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించలేదు. చూపించను. పిల్లని ఇంట్లో పెట్టుకున్నది నేను, అల్మరా తాళం నా దగ్గర ఉంది. తెరవడానికి నీ అనుమతి ఎందుకు కావలసి వచ్చిందో నాకు నేనే చెప్పుకోలేకపోతున్నాను. బాబు అప్పుడు డాక్టరు మాట విని ఆగాను. ఇప్పుడు నీ మాట విని ఆగాను. వేయకూడనిది తొమ్మిది సార్లు వేశాను, రోజూ వేయవలసింది ఒక్కసారీ వేయలేదు.

ఇక నీకు నా ముఖం చూపించను. మీ అన్నయ్యతో చెప్పి ఎక్కడికైనా వెళ్లమన్నా వెళ్తాను.

—

నవంబరు 5

వదినా,

డాక్టరమ్మకి రెండూ చెప్పాను. డబ్బాలు మారిన సంగతీ, నేను కంప్యూటర్ చూసిన సంగతీ. ఆవిడ అరవలేదు. నలభై ఏడో నంబరు మీద గీత కొట్టింది. ఆ తర్వాత ఒక మాట అంది, అది విన్నప్పటి నుంచి నాకు ఇంకేమీ వినపడడం లేదు. అవి నిజంగా నీ కూతురి డబ్బాలే అయినా, తోట అంత నిండుగా ఉన్నా, పంపు మానమని ఆ లెక్క చెప్పదమ్మా అంది. అది ఐదువందల మంది పిల్లలు కలిస్తే ఏం కనపడుతుందో చెప్పే లెక్క, ఒక్క పిల్ల ఛాతీలో ఏముందో చెప్పేది స్టెత్ పెట్టిన డాక్టరేనట. నీ సిరప్‌ల వల్లే ఆయాసం వచ్చిందా అని కూడా అడిగాను. ఇంట్లో రెండు వైపులా ఉంది, అవీ తోడై ఉండొచ్చు, లేకపోనూవచ్చు, తెలియదు అంది. ఎవరో ఒకరి మీద తోసేద్దామని అడిగాను. ఆవిడ తోయనివ్వలేదు.

కాబట్టి నువ్వు ఏ పిల్ల దొడ్డి పంపినా, అల్మరా మూయించింది నేను. ఈ మాట అన్నయ్యకి నిన్న ఫోన్ చేసి నేనే చెప్పాను. నీకు మరుపు లేదనీ చెప్పాను. అంతా విని ఫోన్ పెట్టేశాడు.

మా ఆయనకి ఓడలో వార్త అందింది. రేవుకి రావడానికి ఇంకా ఆరు వారాలు పడుతుందట. ఈలోగా లాబ్‌లో వేరే స్టడీ డబ్బాలు చూడమన్నారు, నా వల్ల కాలేదు. డబ్బా మూత తీస్తే ఎవరి పిల్లో అని చెయ్యి ఆగిపోతోంది. మానేశాను. హాస్టల్ గదిలో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చుంటున్నాను. నిన్న గదిలో అమ్మాయి, మీ పాప ఎలా ఉండేది అని అడిగింది. చెప్పబోయాను. ఎనిమిది నెలల పిల్ల గురించే చెప్పగలిగాను. ఆ తర్వాతవన్నీ సెలవుకి వచ్చిన రెండు మూడు రోజులు, నీ ఉత్తరాల్లో చదివినవి. అది ఎలా అలిగేదో, ఎటు తిరిగి పడుకునేదో, దేనికి భయపడేదో నాకు తెలియదు. నా కూతురు నాకు తెలియదు వదినా. నీకు తెలుసు.

నీ మీద కోపం పోలేదు. పోతుందని మాట కూడా ఇవ్వను. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు, బహుశా అనరాని మాటలే అంటాను, నువ్వూ అను. కానీ ఆ పంతొమ్మిది నెలలు నీ దగ్గరే ఉన్నాయి, అవి నాకు కావాలి. ఒక్క రోజు కూడా వదలకుండా చెప్పాలి. దగ్గిన రోజులు కూడా.

గురువారం పొద్దుటి బస్సుకి దిగుతాను. అన్నయ్యని పంపకు. నువ్వే రా.